సున్నం గీతల ఇల్లు

మెర్సీ హైదరాబాదులో ఆర్కిటెక్చర్ ఆఖరు సంవత్సరం చదువుతున్నది. ఆ చదువులో ఆఖరి ఏడంతా ఒక్కటే పని. ఎవరికి వాళ్లు ఒక కట్టడాన్ని ఎంచుకొని, పునాది నుంచి కప్పు దాకా గీసి, పరీక్షకు వచ్చిన పెద్దల ముందు నిలబడి ఒప్పించాలి. తోటి వాళ్లంతా మ్యూజియాలు, విమానాశ్రయాలు గీస్తుంటే మెర్సీ తన ఊరికి ఒక ఉమ్మడి ఇల్లు గీసింది. హాలియా నుంచి కాలువ గట్టు వెంట పోతే వచ్చే చిన్న ఊరు వాళ్లది. ఎనిమిది కుటుంబాలకు ఒక ఇల్లు. ఎవరి గదులు వాళ్లవే గానీ నడుమ వాకిలి అందరిదీ, వంటిల్లు అందరిదీ, వాన నీళ్లు దిగే సంపు అందరిదీ. గోడలు ఆ ఊరి మట్టితోనే ఒత్తిన ఇటుకలు. సిమెంటు పేరుకే ఉంటుంది, ఎండకాలం ఇల్లు చల్లగా ఉంటుంది.

ఆమెకు గైడుగా ఉన్న కృష్ణకాంత్ సారు ఆ బొమ్మలను చాలాసేపు చూసి, వంటింటి మీద వేలు పెట్టాడు.

"గదులు బాగున్నాయి. మట్టి గోడలూ బాగున్నాయి. ఈ వంటిల్లు మాత్రం ఉత్త నీ కోరిక. మీ ఊళ్లో ఒక్క పొయ్యి దగ్గర రెండు ఇళ్లవాళ్లు వండుకోవడం ఎప్పుడైనా చూశావా?"

"పెండ్లిళ్లల్ల వండుతరు సార్."

"పెళ్లి అయిపోయాక ఎవరింటికి వాళ్లు పోతారు గదా. ఊరికి పోయి కనుక్కో. వచ్చే ఆదివారం సాగర్ వైపు పనుంది, నేనూ వచ్చి వాళ్లనే అడుగుతాను."

మెర్సీ బస్సెక్కి ఊరికి వచ్చింది. బొమ్మ చేతబట్టుకొని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరిని అడిగినా ఒకటే జవాబు. "మంచిగున్నది బిడ్డా, శాన మంచిగున్నది." సోమమ్మ బొమ్మ వంక చూడకుండానే ఆ మాట అన్నది. నాగరాణి బొమ్మతో విసురుకుంటూ అన్నది.

ఈ సోమమ్మా నాగరాణీ యారాండ్లు. అన్నదమ్ములైన కురుమయ్యకు, గిరికి భార్యలు. రెండిళ్లకూ గొర్రెలున్నాయి, పక్కపక్కనే జాగాలున్నాయి, మాటలు మాత్రం లేవు. కిందటేడు సోమమ్మ గొర్రెపిల్ల ఒకటి నాగరాణి వాకిట్లోకి దూరి, తీగ మీద ఆరేసిన కొత్త పోచంపల్లి చీర కొంగును నమిలి మింగింది. తప్పు గొర్రెపిల్లది కాదని, అంత కిందికి చీర ఆరేసిన మనిషిదని సోమమ్మ తీర్పు చెప్పింది. ఆనాటి నుంచి ఒకరికి చెప్పాల్సింది ఉంటే ఇంకొకరు కుండకో, చీపురుకో, గొర్రెకో వినిపిస్తున్నారు. ఊరంతా దానికి అలవాటు పడిపోయింది. ఇలాంటి వాళ్లిద్దరూ ఉమ్మడి వంటిల్లు శాన మంచిగున్నది అన్నారంటే ఆ మాటకు విలువేమిటో మెర్సీకి తెలియక పోలేదు.

ఇంటికొచ్చి నాయనమ్మ పుల్లమ్మ పక్కన కూలబడింది. "అవ్వా, ఒక్కలు గూడ నిజం చెప్తలేరు."

పుల్లమ్మ వయసంతా నాట్లలో, కలుపుల్లో గడిపిన మనిషి. నడుం వంగింది గానీ నాలుక వంగలేదు. "ఎందుకు చెప్తరే? డానియల్ బిడ్డవు, పట్నంల పెద్ద సదువు సదువుతున్నవు. కాదని నీ మొకం మీద అంటరా? అడుగుడు బంజెయ్యి. ఆ ఇంట్లనే కూసోబెట్టి సూడు."

"ఇల్లుంటే గదా కూసోబెట్టనీకి."

అన్నదే గానీ, ఆ మాట మెర్సీ నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే ఆమెకు ఉపాయం తట్టింది. ఊరి బయట వడ్లు ఆరబోసే జాగా ఉన్నది. యాసంగి వరి ఇంకా పొలాల్లోనే ఉంది కాబట్టి ఆ జాగా ఖాళీ. కాగితం మీద ఉన్న ఇంటిని, కడితే ఎంత ఉంటుందో అంత కొలతకు అక్కడ నేల మీద గీస్తే?

శనివారం సాయంత్రం నాయిన డానియల్ చర్చికి వేయగా మిగిలిన సున్నం బస్తా సైకిల్ మీద తెచ్చాడు. ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. తాడు పట్టి లాగితే ఇంచు కూడా వంకర పోనివ్వడు. ఆయన తాడు పట్టుకుంటే మెర్సీ సున్నం పోసింది. పొద్దు గూకేటప్పటికి గోడలూ, దర్వాజలూ, వాకిలీ, మూడు పొయ్యిల వంటిల్లూ తెల్లగా తేలాయి.

"రేపు ప్రార్థన అయినంక అందర్ని బువ్వకు పిలుస్త. ఈ గీతలల్లనే వండుకొని తినుమంట," అన్నది మెర్సీ.

పుల్లమ్మ పోకచెక్క నములుతూ గీతలన్నీ చూసింది. "పిలిస్తే ఎవ్వలు రారు. పిలువకు," అన్నది. "అవునే, గా తూర్పు మూల అర్ర ఎవలికి?"

"ఎవలికైతేంది అవ్వా. నీకే అనుకో."

మరునాడు పొద్దున్నే మెర్సీ, డానియల్ చర్చికి పోయారు. మోకాళ్లు నొస్తున్నాయని పుల్లమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. వాళ్లు మలుపు తిరగగానే ఆ మోకాళ్లతోనే నులక మంచాన్ని లాక్కుంటూ పోయి, తూర్పు మూల గదిలో వేసుకొని కూర్చున్నది. నీళ్ల చెంబు తలాపున పెట్టుకున్నది.

మంద దగ్గరికి పోతున్న సోమమ్మ చూసి ఆగింది. "ఏంది పుల్లమ్మా, నడి జాగల మంచమేసినవ్?"

"నా ఇంట్ల నేను కూసున్న."

"ఇంట్లనా?"

"జర సూసుకో. గోడ మీద నిలబడ్డవ్."

సోమమ్మ కిందికి చూసి, గబుక్కున గీత మీది నుంచి దిగింది. "ఎవలు గీసిండ్రు గివన్ని?"

"పట్నం నుంచి వచ్చి కొలిచి గీసిండ్రు. నేనైతే ముందుగాలనే వచ్చిన. అటుపక్క ఇంక శాన అర్రలు ఉన్నయి."

అంతే. ఇంకో మాట చెప్పలేదు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మెర్సీ పట్నం నుంచే వచ్చింది, కొలిచే గీసింది. బైబిలు మీద చెయ్యేసి చెప్పమన్నా పుల్లమ్మ ఆ మాటలే చెప్పగలదు. సోమమ్మ మందకు పోలేదు. తిరిగి ఇంటికి పోయింది, కొంచెం ఉరుకుతూ.

చర్చి నుంచి బయటికొచ్చేసరికి మెర్సీకి ఊరు బోసిగా కనిపించింది. వడ్ల జాగా మాత్రం జాతర లెక్క ఉంది. గదుల్లో మంచాలు, బిందెలు, ట్రంకు పెట్టెలు. ఒకరెవరో గోడకు దేవుని పటం కూడా తగిలించారు. గోడ లేదు గనుక పటాన్ని కట్టెకు కట్టి, ఆ కట్టెను గీత మీద పాతారు. గది దొరకని వాళ్లు వాకిట్లో దుప్పట్లు పరిచి జాగా ఆపుకున్నారు. సోమమ్మ గదికి ఆనుకొని ఉన్న గది ఒక్కటే మిగిలితే, తప్పదన్నట్టు పెదాలు బిగించుకొని నాగరాణి అందులో దిగింది.

"నాగరాణక్కా, ఇది నా సదువు కోసం గీసిన. సర్కారు ఇండ్లేం ఇస్తలేదు," అన్నది మెర్సీ.

నాగరాణి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "గట్లనే చెప్పాలె బిడ్డా. అందరికి తెలిస్తే తొక్కులాటైతది. నాకెరికే."

ఇంకో నలుగురికి చెప్పింది. కాదంటున్నకొద్దీ వాళ్ల నమ్మకం గట్టిపడింది. ఉట్టిదైతే అంత కొలిచి గీస్తారా అని వాళ్ల లెక్క. మెర్సీ విసురుగా అవ్వ దగ్గరికి నడిచింది.

"ఏం జెప్పినవ్ వీళ్లకు?"

"నా ఇంట్ల కూసున్న అన్న. నీకే అనుకో అన్నవ్, అనుకున్న."

వాకిలి నడుమ నిలబడి గట్టిగా చెప్పేద్దామని మెర్సీ చెయ్యెత్తింది. అప్పుడే కురుమయ్య భుజాన బిందెతో వచ్చాడు. దగ్గరి దారి ఉన్నా గీతల పక్కనుంచి చుట్టూ తిరిగి, దర్వాజ కోసం వదిలిన సందు దగ్గరికి పోయి, లేని గుమ్మానికి తల వంచి లోపలికి నడిచాడు. మెర్సీ చెయ్యి దిగిపోయింది. ఐదేండ్ల చదువులో తను గీసిన ఇంట్లోకి ఒక మనిషి తల వంచి రావడం ఇదే మొదలు. సంచీలోంచి కాగితాలు, పెన్సిలు బయటికొచ్చాయి. జరసేపాగి చెప్తా అని తనకు తాను సర్ది చెప్పుకున్నది. తప్పని తెలుసు. తెలిసే, దర్వాజ పక్కన బాసింపట్టు వేసుకొని కూర్చున్నది.

పొద్దెక్కేకొద్దీ ఆ ఇంట్లో నిజంగానే సంసారాలు మొదలయ్యాయి. ఒకాయన పక్కవాళ్ల గదిలోంచి నడిచి పోతే ఆ ఇల్లాలు తిట్టి వెనక్కి పంపింది. సంపు గీసిన చోట ఎవరూ కాలు పెట్టలేదు. వాకిట్లో కోడిపుంజు ఒకటి గోడలన్నీ దాటి తిరుగుతుంటే దాని యజమాని సిగ్గుపడి పట్టుకుపోయాడు.

అసలు పని వంటింట్లో నడిచింది. మెర్సీ మూడు పొయ్యిలనూ ఒకే వరుసలో గీసింది. చివరి పొయ్యి పుల్లమ్మ ముందే పట్టేసి ఎండు మాంసం తునకల కూర ఎక్కించింది. మిగిలిన రెండూ సోమమ్మకు, నాగరాణికి వచ్చాయి. భుజానికి భుజం తగిలేటట్టు కూర్చొని రాళ్లు పేర్చి మంట పెట్టారు. కాసేపటికి నాగరాణి తన గంటెతో మాట్లాడింది.

"ఓ గంటే, పక్కపొంటి పొగంత నా కండ్లల్లకే వస్తాంది."

సోమమ్మ తన కుండకు జవాబిచ్చింది. "ఓ కుండా, గాలి నేను చెప్తే మలుగుతదా?"

ఇలా గంటెకూ కుండకూ కొంతసేపు నడిచింది. చివరికి సోమమ్మ లేచి, మడమతో సున్నం గీతను చెరిపేసి, రాళ్లన్నీ తీసి పొయ్యిని అవతలి వైపుకు తిప్పి పెట్టుకున్నది. నాగరాణి తానేం తక్కువా అన్నట్టు తన పొయ్యిని ఇవతలి వైపుకు తిప్పింది. ఇప్పుడు ఇద్దరి వీపులూ ఎదురెదురు. అదీ చాలదని సోమమ్మ రెండు కట్టెలు పాతి, కురుమయ్య గొంగడిని వాటి మీద ఆరేసింది. గొంగడి నేలకు జానెడు పైకి వేలాడింది.

ఆ తరువాత వంటిల్లు చల్లబడింది. ఎవరి వంట వాళ్లదే. కొంతసేపటికి నాగరాణి పప్పు కలుపుతూ, "ఉప్పు మర్సొచ్చిన," అన్నది గంటెతో. గొంగడి కిందినుంచి ఉప్పు డబ్బా జారుకుంటూ ఇవతలికి వచ్చింది. ఇచ్చిన చెయ్యి వెంటనే వెనక్కి పోయింది. ఎవరూ ఎవరినీ చూడలేదు. ఉప్పు వేసుకొని నాగరాణి డబ్బాను అదే దారిన తోసేసింది. మెర్సీ పెన్సిలు ఆగకుండా నడిచింది.

ఆమె ఇంకొకటి కూడా చూసింది. కులం పట్టింపుతో మెర్సీ వాళ్ల గడప దగ్గర నిలబడి మంచినీళ్లు కూడా అడగని సోమమ్మ, పుల్లమ్మ పొయ్యి నుంచి నిప్పు తీసుకుపోయింది. పుల్లమ్మ ఇంకో కొరకంచు ముందుకు జరిపింది. ఇల్లు వస్తుందన్న ఆశకు తీసుకుందో, అవసరానికి తీసుకుందో మెర్సీకి తెలియలేదు. అది మాత్రం ఆమె కాగితం మీద పెట్టలేదు.

అప్పుడు దిగాడు విజేందర్. ఊరికి సర్పంచి అతని భార్య కోమల. కానీ మాట్లాడేది, తిరిగేది, దండలు వేయించుకునేది అంతా విజేందరే. బండి స్టాండు వేసి జాగా అంతా ఒక్కసారి చూశాడు. తనకు తెలియకుండా ఊళ్లో ఇండ్లు పంచుతున్నారు. ముఖం ఎర్రబడింది. సోమమ్మ మరిది గిరిని పక్కకు పిలిచాడు.

"ఏం నడుస్తాందిరా ఈడ?"

"మీకెరుక లేదా అన్నా?" గిరి అమాయకంగా అడిగాడు.

పక్కనున్న వాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఎరుక లేదు అనడం విజేందర్ వల్ల అయ్యే పని కాదు. "ఎరుక లేకపోవుడేంది? ఆఫీసుల సుట్టు తిరిగి తిరిగి పట్టుకొచ్చింది నేనే గదా," అన్నాడు. చప్పట్లు పడ్డాయి. దాంతో ఆయనకు ఊపొచ్చింది. గదులన్నీ తిరిగి, ఇది జర ఇరుకైంది, గా కిటికీ పెద్దగ పెట్టుమని నేను చెప్పిన, వినలే అంటూ, తన బామ్మర్దికి ఏ గది బాగుంటుందో కూడా ఖాయం చేశాడు.

మెర్సీ దగ్గరికి పోయి మెల్లగా చెప్పింది. "విజేందరన్నా, ఇది నా కాలేజీ బొమ్మ."

ఆయన ముఖంలోని నవ్వు అట్లాగే ఉండి, కళ్లు మాత్రం మారిపోయాయి. "ముందుగాల చెప్పొద్దా?"

"మీరు అడగలే."

ఆయన ఏదో అనేలోపే కారు ఆగి కృష్ణకాంత్ సారు దిగాడు. కనబడుతున్నదేమిటో అర్థం కాక నేరుగా నడుచుకుంటూ వచ్చాడు.

"సారూ, గోడలకెల్లి వస్తున్నవ్," అన్నది మంచం మీది నుంచి పుల్లమ్మ. "దర్వాజ గటున్నది."

సారు ఆగి, కిందికి చూసి, క్షమించమని చేతులు జోడించి, చుట్టూ తిరిగి దర్వాజలోంచి వచ్చాడు. వంటింట్లో నిలబడి అడగాల్సిందే అడిగాడు. "ఈ వంటింట్లో మీరంతా కలిసి వండుకుంటారా అమ్మా?"

"వండుకుంటం సారు," అని ఎనిమిది గదుల నుంచీ, వాకిట్లోని దుప్పట్ల మీది నుంచీ ఒకటే గొంతు వచ్చింది.

"సొంత అక్కచెల్లెండ్ల లెక్క ఉంటం," అన్నది సోమమ్మ గొంగడికి అవతల.

"మాకు మాకు ఏం ఫరక్ లేదు సారు," అన్నది నాగరాణి గొంగడికి ఇవతల.

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మెర్సీ, నాదే పొరపాటు. నీ వంటిల్లు నడుస్తుంది," అన్నాడు.

ఆ మాట కోసమే మెర్సీ వారం నుంచి తిరుగుతున్నది. నోరు మూసుకొని ఊరుకుంటే చాలు. కానీ చేతిలోని కాగితం మీద సగం గీసిన గొంగడి ఉన్నది. అందరూ వండుకుంటం అన్న మాట కన్న ఆ గొంగడే ఆమెకు ఎక్కువ నచ్చింది.

"లేదు సార్. వీళ్లు అబద్ధం చెప్తున్నరు," అన్నది.

విజేందర్ ఇండ్లు పట్టుకొచ్చాడన్న మాట ఊళ్లో విని, అదే సమయానికి కోమల కాలినడకన వచ్చి, దర్వాజలోంచే లోపల అడుగుపెట్టింది. ఎప్పుడూ భర్త వెనుక కుర్చీలో కూర్చొని సంతకాలు పెట్టే మనిషి. ఇవ్వాళ నేరుగా మెర్సీ ముందుకొచ్చి నిలబడింది. "ఎవలియి గీ ఇండ్లు?"

మెర్సీ ఈసారి అందరికీ వినపడేటట్టు చెప్పింది. "ఎవలియి కావక్కా. నా పరీక్షకు గీసుకున్న. పొద్దుగాలనే గట్టిగ చెప్పాల్సింది. మీరు తిరుగుతుంటే సూడబుద్ధై ఆగిన. తప్పు నాదే."

తలలన్నీ మెర్సీ మీది నుంచి మెల్లగా విజేందర్ వైపు తిరిగాయి. ఆయన జేబులో బండి తాళం వెతుక్కుంటున్నాడు.

"మరి ఆఫీసుల సుట్టు తిరిగి పట్టుకొచ్చిన అన్నడు గదా మా ఆయిన," అన్నది కోమల, ఏమీ ఎరగనట్టు. "ఆయిన మాట ఉట్టిగ పోతదా? తెస్తడు. ఎప్పుడు తెస్తడో గ్రామసభల మైకు పట్టుకొని ఆయిననే చెప్తడు. నేను కుర్చీల కూసొని రాయిస్త."

ముందు నవ్వింది పుల్లమ్మ. తరువాత కురుమయ్య. ఆ నవ్వు గదుల గోడలన్నీ దాటి పోయింది. కోపం రాలేదని కాదు. దుప్పట్లు పరిచిన వాళ్లు మెర్సీని తిట్టుకుంటూ దులుపుకున్నారు. సోమమ్మ పుల్లమ్మను చూసి మెటికలు విరిచింది. కానీ వంట అయిపోయింది, ఎండ నడినెత్తికి వచ్చింది. కూర్చొని తిన్నారు. కృష్ణకాంత్ సారు గొంగడికి అటుపక్క చారు, ఇటుపక్క పప్పు వేయించుకొని, కింద జానెడు సందులోంచి గిన్నెలు నడవడం చూస్తూ తిన్నాడు. తిన్నాక అందరూ మంచాలెత్తుకొని దర్వాజల్లోంచే బయటికి పోయారు.

మే నెలలో పరీక్ష జరిగింది. మెర్సీ గీసిన కొత్త వంటింట్లో పొయ్యిలు వీపు వీపు తగిలించుకొని ఉన్నాయి. నడుమ ఛాతీ ఎత్తు మట్టి గోడ, గోడ కింద చిన్న కంత. వంటింటికి రెండు దర్వాజలు. బయటి నుంచి పరీక్షకు వచ్చిన పెద్దావిడ కంత మీద వేలు పెట్టింది.

"ఇదెందుకు?"

"ఉప్పు ఇచ్చుకోనీకి మేడం."

"అడిగి తీసుకోవచ్చు కదా?"

"వాళ్లకు మాటల్లేవు మేడం. మాటలున్నోళ్లకు ఎట్లున్నా నడుస్తది. లేనోళ్ల కోసం గీసిన."

ఆవిడ పగలబడి నవ్వి, తమ అపార్ట్‌మెంటులో లిఫ్టు దగ్గర ఎవరు ఎవరిని తప్పించుకొని తిరుగుతారో చెప్పుకొచ్చింది. మార్కులు బాగానే వచ్చాయి. కృష్ణకాంత్ సారు మాత్రం బయటికొచ్చాక, "ఎనిమిది కుటుంబాలని రాశావు గానీ నువ్వు రుజువు చేసింది రెండింటికే," అన్నాడు. మెర్సీ ఒప్పుకున్నది.

ఆ రెండింటికీ తరువాత నిజంగానే సర్కారు ఇండ్లు మంజూరయ్యాయి. గ్రామసభలో మైకు ముందు విజేందర్ చెమటలు కక్కినందుకు వచ్చాయో, వాటి వంతుకు అవే వచ్చాయో ఎవరూ చెప్పలేదు. పక్కపక్క జాగాలే కాబట్టి నడుమ గోడ ఒకటే కడితే జాగా మిగులుతుంది, సంపు ఒకటే చాలు, మిద్దె మీదికి మెట్లూ ఒకటే చాలని మెర్సీ చెప్పింది. ఈ ఇంట్లో చెప్పింది ఆ ఇంట్లో, ఆ ఇంట్లో అన్నది ఈ ఇంట్లో చేరవేస్తూ ఆమె చెప్పులు అరిగాయి. చివరికి ఇద్దరూ వేరువేరుగా, ఎదుటిది ఒప్పుకుంటే నాకేం అన్నారు.

మేస్త్రీ ఎల్లస్వామి మట్టి ఇటుకలు ఒత్తే మిషను తెప్పించాడు. దానికి పొడుగు పిడి ఉంటుంది, ఇద్దరు కలిసి వేలాడితే గానీ దిగదు. ఆ పొద్దు కురుమయ్య, గిరి మందలు తోలుకొని దూరం పోయారు. ఎల్లస్వామి ఇసుక కోసం పోయాడు. మిషను దగ్గర మిగిలింది సోమమ్మ, నాగరాణి, మెర్సీ. మెర్సీ మట్టి కలిపి అచ్చులో పోసి, మూత వేసి, దూరం జరిగింది.

ఇద్దరూ కొంతసేపు ఆకాశం చూశారు. తరువాత సోమమ్మ పిడికి ఒక పక్క పట్టుకున్నది. నాగరాణి రెండో పక్క పట్టుకున్నది. ఒక్కసారే వేలాడారు. పిడి దిగింది. మూత తీస్తే ఇటుక ముద్దుగా కనబడింది గానీ, పైకి లేపగానే నడుమకు విరిగి కాళ్ల మీద పడింది.

"నీళ్లు ఎక్కువ పోసినవ్," అన్నది సోమమ్మ మెర్సీతో.

"నేనూ గదే అంటున్న, నీళ్లు ఎక్కువైనయి," అన్నది నాగరాణి.

"పట్నంల గిదేనా నేర్పింది?"

"నేర్పితే గదా. అక్కా, గా గంప ఇటందియ్యి, మనమే కలుపుదం."

అక్కా అన్నాక నాగరాణి తనే ఉలిక్కిపడింది. సోమమ్మ విననట్టే గంప అందించింది. ఇద్దరూ ముందుకు వంగి, మెర్సీ పనితనాన్ని ఒకరికొకరు వివరించుకుంటూ మట్టి పిసికారు. మెర్సీ వెనక్కి తిరిగి నవ్వు ఆపుకుంటూ నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయి, ఇంకో ఇటుక విరిగేటన్ని నీళ్లు వాళ్లు చూడకుండా బకెట్టు నిండా ముంచుకొచ్చింది.